రెండు చక్రముల విద్య

మోటారు సైకిలు నడుపుట నేర్చుకొనుటకు సాధారణముగా ఒక వారము చాలును. ఊరి వెలుపలి మైదానమునకో, సెలవునాడు జనము లేని కళాశాల ఆవరణమునకో అన్నగారో మేనమామయో వెంటబెట్టుకొని పోవును. క్లచ్చి ఎట్లు విడువవలెనో, గేరు ఎట్లు మార్చవలెనో చూపును. మొదటి దినమున బండి రెండు మూడు మారులు ఉలికిపడి ఆగిపోవును. నాలుగవ దినమునకు సాఫీగా సాగును. ఎనిమిదవ దినమున నేర్చినవాడు బజారులో కనబడును. చూచినవారు "అబ్బాయికి బండి వచ్చినది" అందురు.

నిజమునకు వానికి వచ్చినది బండిని కదలించుట మాత్రమే. అతడింకను నేర్వని విద్య వేరొకటి కలదు. సందులోనుండి ఒక ఆటో హఠాత్తుగా అడ్డము వచ్చినపుడు, మలుపు తిరుగగనే ఎదుట గేదె నిలిచియున్నపుడు, ఆ ఒకటి రెండు క్షణములలో చేతులును, కాళ్లును, కన్నులును ఏమి చేయవలెనన్నదే ఆ విద్య. వింత యేమనగా, అట్టి సమయమున మానవ దేహము తనంతట తాను చేయు పనులలో పెక్కు తప్పుపనులే. భయపడినవాడు చేతికందినదానిని బిగించి పట్టుకొనును. భయము గొలుపు వస్తువువైపే గుడ్లప్పగించి చూచును. మేను బిగుసుకొనిపోవును. నేలపై నిలిచినవానికి ఈ గుణములు మేలు చేయునేమో గాని, రెండు చక్రములపై నున్నవానిని ఇవియే పడద్రోయును. ఈ సహజ గుణములను వెనుకకు నెట్టి, వాని స్థానమున వేరు అలవాట్లను నాటుటకే ఉన్నత శిక్షణ ఏర్పడినది.

ఈ సంగతి ఊహవలన తేలినది కాదు. అమెరికా దేశమునందలి దక్షిణ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయమున హ్యారీ హర్ట్ అను ఇంజనీరు ఉండెను. అంతకు పూర్వము ఆయన నావికాదళమునకు చెందిన వైమానికుల కొరకు వాయుగతి శాస్త్ర గ్రంథమొకటి వ్రాసినవాడు. 1976, 1977 సంవత్సరములలో ఆయనయు, ఆయన సహచరులును లాస్ ఏంజెల్స్ నగర ప్రాంతమున జరిగిన 900 మోటారు సైకిలు ప్రమాదములను స్వయముగా ఆయా స్థలములకు పోయి పరిశీలించిరి. దారిపై టైర్లు గీచిన చారలను కొలిచిరి. విరిగిన భాగములను పరీక్షించిరి. ఇవిగాక 3,600 పోలీసు నివేదికలను చదివిరి. 1981లో వెలువడిన వారి నివేదిక నేటికిని ఈ విషయమున ముఖ్యాధారముగా పేర్కొనబడుచున్నది.

అందు తేలిన విషయములు పెక్కుమంది నమ్మకములకు విరుద్ధముగా నున్నవి. మోటారు సైకిలు ప్రమాదములన్నియు మితిమీరిన వేగమువలన జరుగునని లోకుల అభిప్రాయము. కాని ఆ ప్రమాదములకు ముందు బండ్ల వేగములను వరుసగా పేర్చి చూడగా, నడుమ నిలిచిన వేగము గంటకు సుమారు 48 కిలోమీటర్లు మాత్రమే. వర్షము, మంచు కారణమైనవి బహు స్వల్పము. సుమారు మూడు వంతులు, అనగా నాలుగింట మూడు ప్రమాదములు, వేరొక వాహనముతో ఢీకొనుటవలన కలిగినవి. వానిలో మూడింట రెండు పాళ్లు ఎదుటి వాహనము నడుపువాడు దారి ఇయ్యక అడ్డము వచ్చినందున జరిగినవి. అట్టివారు తరచుగా చెప్పినమాట "బండి నాకు కనబడలేదు" అనుటయే. కారునకు, లారీకి అలవాటుపడిన కన్ను సన్నని మోటారు సైకిలును చూచియు చూడదు.

ఇంతవరకు తప్పు ఎదుటివానిదే. అయితే ఆ క్షణమున మోటారు సైకిలు నడుపువాడు ఏమి చేసెను? అపాయము కంటబడినది మొదలు ఢీకొనువరకు అతనికి లభించిన కాలము సాధారణముగా రెండు సెకండ్లకు లోపలనే. 48 కిలోమీటర్ల వేగమున రెండు సెకండ్లలో బండి సుమారు 27 మీటర్లు పోవును. చక్కగా బ్రేకు వేయ నేర్చినవానికి ఆ దూరము ఇంచుమించు చాలును. కాని ఆ నడుపరులలో ఎక్కువమంది వెనుక బ్రేకును బలముగా తొక్కి చక్రమును జారనిచ్చిరి. ముందు బ్రేకును ఉపయోగించవలసినంతగా ఉపయోగింపలేదు. ప్రక్కకు తప్పుకొను నేర్పు దాదాపు ఎవరియందును కనబడలేదు. వీరు ఎవరివద్ద నేర్చిరని విచారింపగా, నూటికి 92 మంది తమంతట తాము నేర్చినవారు, లేదా బంధుమిత్రులవలన నేర్చినవారు. మైదానమునకు వెంటబెట్టుకొని పోయిన ఆ అన్నగారు, మేనమామ అమెరికాలో కూడ ఉన్నారన్నమాట!

ముందు బ్రేకును గూర్చి మన యువకులలో ఒక భయము కలదు. దానిని ముట్టిన బండి తలక్రిందులగునని పెద్దలు చెప్పుదురు, పిల్లలు నమ్ముదురు. ఈ భయములో సత్యము సగమే. బస్సు హఠాత్తుగా ఆగినపుడు నిలిచియున్నవారందరు ముందునకు తూలుదురు గదా! మోటారు సైకిలు ఆగునపుడును భారమంతయు అట్లే ముందునకు ఒరుగును. అందుచే ముందు చక్రము నేలను గట్టిగా అదుముకొనును. వెనుక చక్రము తేలిక పడును. తేలికపడిన చక్రమునకు నేలపై పట్టు తక్కువ. కావున వెనుక బ్రేకును ఎంత తొక్కినను అది కొంతవరకే ఆపి, పిదప చక్రమును జారజేయును. ఆపగల శక్తిలో పెద్ద భాగము ముందు చక్రమునందే కలదు. అయితే భారము ముందునకు చేరకమునుపే ముందు బ్రేకును ఒక్కసారి గుంజినయెడల ఆ చక్రమును జారిపోవును. అప్పుడు పడుట తప్పదు. పెద్దలు చూచినది ఈ దృశ్యమే. తప్పు బ్రేకుది కాదు, గుంజుటది. శిక్షకులు ముందు బ్రేకును నిమ్మపండు పిండినట్లు నొక్కుమందురు: మొదట మెత్తగా, వెంటనే బలముగా, క్రమక్రమముగా. రెండు బ్రేకులును కలిపి ఇట్లు వేయుట చెప్పినంత సులభము కాదు. భయమువేళ చేయి గుంజుటకే తొందరపడును. అందుకొరకే మైదానమున ఇరువది మారులు, ముప్పది మారులు దీనినే చేయింతురు.

వేగమునకును, ఆగు దూరమునకును గల సంబంధమును లెక్కవలన తెలిసికొనవచ్చును. గంటకు 36 కిలోమీటర్లనగా సెకండునకు 10 మీటర్లు. అపాయమును గుర్తించి బ్రేకు పట్టుకొనునప్పటికి ఒక సెకండు గడచినచో, బండి అప్పటికే 10 మీటర్లు పోయియుండును. పొడి తారురోడ్డుపై రెండు బ్రేకులను చక్కగా వేసిన ఇంకొక 7 మీటర్లలో ఆగును. మొత్తము 17 మీటర్లు. వేగము రెట్టింపై 72 అయినపుడు మొదటి దూరము రెట్టింపై 20 మీటర్లగును. కాని రెండవది రెట్టింపు కాదు. నాలుగు రెట్లయి ఇంచుమించు 28 మీటర్లగును. మొత్తము 48 మీటర్లు. వేగము రెట్టింపుతో ఆగు దూరము దాదాపు మూడు రెట్లయినది. బండిపై నున్నవానికి ఈ తేడా తెలియదు; 72లోను గాలి అంతే హాయిగా వీచును.

నేటి యంత్రములు ఇందు కొంత తోడ్పడుచున్నవి. మన దేశమున 2019 ఏప్రిల్ నుండి 125 ఘన సెంటీమీటర్లకు మించిన ఇంజను గల క్రొత్త బండ్లకు, బ్రేకు వేసినపుడు చక్రము బిగుసుకొని జారిపోకుండ కాపాడు పరికరము తప్పనిసరి చేయబడినది. 2017 ఏప్రిల్ నుండి వచ్చిన క్రొత్త ద్విచక్ర వాహనముల ముందు దీపము పగటివేళను వెలుగుచునే యుండును. "కనబడలేదు" అను మాటకు అది కొంత సమాధానము. కాని ఆలస్యముగా చూచినవానికి పోయిన సెకండును ఏ పరికరమును తిరిగి తెచ్చి ఇయ్యదు.

మలుపు తిరుగుటలో గల రహస్యము ఇంకను విచిత్రమైనది. విమానమును కనిపెట్టిన రైట్ సోదరులు మొదట డేటన్ నగరమున సైకిళ్లు తయారుచేసి అమ్ముకొనువారు. వారిలో పెద్దవాడైన విల్బర్, సైకిలు తొక్కువారిని పలువురిని ఎడమవైపునకు ఎట్లు తిరుగుదువని అడిగెను. హ్యాండిలును ఎడమకు త్రిప్పుదుమని వారు చెప్పిరి. మొదట అడిగినపుడు ఒక్కడును పూర్తి సత్యమును చెప్పలేకపోయెను. నిజమునకు ఎడమకు తిరుగదలచినవాడు హ్యాండిలును లేశమాత్రము కుడికి త్రిప్పును. అప్పుడు చక్రములు శరీరము క్రిందనుండి కుడికి జరుగును. బండి ఎడమకు ఒరుగును. ఒరిగిన పిదప ఎడమకు తిరుగును. తాము ఈ పని చేయుచున్నామని తొక్కువారికి తెలియదు. చేతులకు తెలిసినది బుద్ధికి తెలియదన్నమాట.

మెల్లగా పోవునపుడు ఈ అజ్ఞానమువలన నష్టము లేదు. వేగముగా పోవు మోటారు సైకిలుపై అది ప్రాణాపాయమగును. కుడివైపునుండి కారు అడ్డము వచ్చినదనుకొనుడు. తప్పుకొని ఎడమకు పోవలెను. భయపడినవాడు హ్యాండిలును బలముగా ఎడమకు గుంజును. బండి కుడికి ఒరిగి, తప్పుకొనదలచిన కారుమీదికే పోవును! ఎడమకు పోవుటకు ఎడమ చేతితో ఎడమ పిడిని ముందునకు నెట్టవలెనని తెలిసి, ఆ పనిని పలుమారు చేసి అలవరచుకొనినవాడు మాత్రమే ఆ క్షణమున సరిగా తప్పుకొనగలడు. హర్ట్ పరిశీలించిన నడుపరులలో లోపించిన నేర్పు ఇదియే. శిక్షణ మైదానములలో దీనికొక అభ్యాసము కలదు. విద్యార్థి ఓ మోస్తరు వేగముతో శిక్షకుని వైపునకు వచ్చును. చివరి క్షణమున శిక్షకుడు చేయెత్తి కుడినో ఎడమనో చూపును. ఆ వైపునకు విద్యార్థి తటాలున తప్పుకొనవలెను. ఏ వైపు చూపునో ముందుగా తెలియకుండుటయే అందలి కిటుకు.

చేతులకంటె ముందు నేర్వవలసినవి కన్నులు. బండి చూపు నిలిచిన చోటికే పోవును. దారిలో గుంత యొకటి కనబడినపుడు దానినే చూచుచు పోయినవాడు, చుట్టును ఎంతో దారి యుండగా, సరిగా ఆ గుంతలోనే పడును. సైకిలు తొక్కు బాలురందరకు ఇది అనుభవమే. గుంతను ఒక్కసారి గమనించి, వెంటనే పోదలచిన దారిపై చూపు నిలుపవలెను. మలుపులోనైనచో ముందు చక్రము దగ్గర నేలను గాక, మలుపు ముగియు చోటును చూడవలెను. తల కూడ అటు తిరుగవలెను. మోటారు సైకిలు ఎక్కు వయస్సు రాని విద్యార్థులు ఈ చూపును సైకిలుపైననే అలవరచుకొనవచ్చును. మన చట్టము ప్రకారము గేరులు గల మోటారు సైకిలు నడుపుటకు 18 సంవత్సరములు నిండియుండవలెను.

బ్రేకును మలుపునకు ముందే వేసి ముగించవలెనని శిక్షకులు పట్టుపట్టుదురు. దానికి కారణము కలదు. ఒక్కొక్క టైరు నేలను తాకు భాగము ఇంచుమించు అరచేయంత మాత్రమే. బండిని ఆపుటకును, త్రిప్పుటకును, ముందునకు పరుగెత్తించుటకును ఆ అరచేతి పట్టే ఆధారము. అది జేబులోని రూపాయి వంటిది. ముప్పాతిక మలుపునకు ఖర్చుపెట్టినవానికి బ్రేకునకు మిగులునది కొద్దియే. మలుపులో ఒరిగియున్నపుడు ఇసుక కనబడి బ్రేకు తొక్కినవాడు లేని ధనమును ఖర్చుపెట్టబోయి పడిపోవుచున్నాడు.

నెమ్మదిగా నడుపుటకు కూడ శిక్షణ కావలెనన్న కొందరు నవ్వుదురు. మనిషి నడచునంత మెల్లగా, పాదము నేలపై మోపకుండ, ఎనిమిది అంకె ఆకారమున బండిని త్రిప్పుమన్నచో పది యేండ్లుగా నడుపుచున్నవారు సైతము తడబడుదురు. క్లచ్చిని సగము విడిచిపట్టి, వెనుక బ్రేకును లేశముగా తాకించుచు, తలయెత్తి దూరముగా చూచినగాని అది సాధ్యము కాదు. సంతలలో, తిరునాళ్ల రద్దీలో అక్కరకు వచ్చునది ఈ నేర్పే.

ఇవన్నియు అపాయము ఎదురైన పిదప చేయవలసిన పనులు. అపాయమును ఎదురుకాకమునుపే గుర్తించుట వేరొక విద్య. దానిని శ్రద్ధగా పెంపొందించినవారు ఇంగ్లండు పోలీసులు. లండన్ సమీపమునందలి హెండన్ శిక్షణ పాఠశాలలో 1930 తరువాతి సంవత్సరములలో ఒక పద్ధతిని రూపొందించిరి. 1955లో అది 'రోడ్‌క్రాఫ్ట్' అను పుస్తకముగా ప్రజలకు లభించెను. ఆ పద్ధతి ప్రకారము నడుపువాడు ఎల్లప్పుడు మూడు ప్రశ్నలు వేసికొనుచుండవలెను: ఏమి కనబడుచున్నది? ఏమి కనబడుట లేదు? ఏమి జరుగవచ్చును? పిదప దారిలో తానుండవలసిన చోటును, వేగమును, గేరును వరుసగా నిర్ణయించుకొనవలెను.

ఈ ప్రశ్నలను మన దారులపై వేసి చూడవచ్చును. కోతల కాలమున ఊరి ముందర రోడ్డుపై వడ్లు ఆరబోసియున్నారు. చుట్టును రాళ్లు పేర్చినారు. సగము దారియే మిగిలినది కావున ఎదుటి లారీ తన దారి విడిచి ఇటు రాగలదు. ఆగియున్న బస్సు ముందు ఏమున్నదో కనబడదు. దిగిన ప్రయాణికుడు దాని ముందునుండియే రోడ్డు దాటును. బంతి దొర్లివచ్చినచో దాని వెనుక పిల్లవాడుండును. తొలకరి చినుకులు పడగానే రోడ్డుపై చేరియున్న నూనె, దుమ్ము నీటితో కలిసి జారుడగును. పెద్దవాన వెలిసిన తరువాతి కంటె ఆ మొదటి నిమిషములే ప్రమాదకరములు. ఇట్లు చదువ నేర్చినవానికి రోడ్డు ఒక పుస్తకము వంటిది. అతడు తటాలున బ్రేకు వేయవలసిన అవసరమే అరుదు. ఉన్నత శిక్షణ పొందినవానితో ప్రయాణము చూచువారికి విసుగు పుట్టించునంత సాదాగా నుండును. అదియే దాని గొప్పతనము.

ఇచ్చట ఒక హెచ్చరిక చెప్పక తప్పదు. నేర్పు పెరిగిన కొలది గర్వము పెరిగినచో శిక్షణ విషమించును. నార్వే దేశమున 1979లో క్రొత్తగా కారు నడుపువారందరకు మంచువలె జారు నేలపై బండిని అదుపులో పెట్టు శిక్షణను నిర్బంధము చేసిరి. తరువాత లెక్కలు చూడగా, యువకులు జారుడు దారులపై చేసిన ప్రమాదములు తగ్గకపోగా హెచ్చినవి. జారినను నిలబెట్టగలమన్న ధైర్యముతో వారు ముందుకంటె వేగముగా పోయిరి. అందుచే తెలివిగల శిక్షకులు విద్యార్థి నేర్పును మాత్రమే గాక, వాని నేర్పు ఎచ్చట ముగియునో దానిని కూడ వానికి చూపుదురు.

నేర్పు గలవారు సైతము పడుదురనుటకు ఒక ప్రసిద్ధ దృష్టాంతము కలదు. మొదటి ప్రపంచ యుద్ధమున అరబ్బుల పక్షమున పోరాడి పేరొందిన టి. ఇ. లారెన్సు మోటారు సైకిళ్ల యందు మిక్కిలి ప్రీతి గలవాడు. బ్రఫ్ సుపీరియర్ అను మేలైన బండ్లను ఒకదాని తరువాత నొకటిగా ఏడింటిని నడిపెను. వానిపై ఇంగ్లండంతయు తిరిగెను. 1935 మే 13వ తేదీన ఆయన బోవింగ్టన్‌లో తంతి పంపి ఇంటికి మరలివచ్చుచుండెను. దారి ఒకచోట పల్లమైనది. ఆ పల్లమున ఇద్దరు బాలురు సైకిళ్లపై పోవుచుండుట సమీపించువరకు కనబడలేదు. వారిని తప్పింపబోయి లారెన్సు బండిపైనుండి ఎగిరిపడెను. తలకు రక్షణ ఏమియు లేదు. ఆరు దినములు స్పృహలేక యుండి, తన 46వ యేట మరణించెను.

ఆయనకు చికిత్స చేసిన వైద్యులలో హ్యూ కెయిర్న్స్ అను మెదడు శస్త్రవైద్యుడు ఒకడు. ఆయన ఆస్ట్రేలియాలో పుట్టినవాడు. ఈ మరణము ఆయన మనస్సును వదలలేదు. రెండవ ప్రపంచ యుద్ధము వచ్చినపుడు, సైన్యమున వార్తలు మోయు మోటారు సైకిలు భటులు తలలు పగిలి ఆసుపత్రులకు వచ్చుచుండుట చూచి, లెక్కలు సేకరింప మొదలిడెను. 1941లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో తన వ్యాసమును ప్రకటించెను. శిరస్త్రాణము ధరించియుండి గాయపడినవారు ఆయనకు ఏడుగురు మాత్రమే కనబడిరి. ఆ ఏడుగురును బ్రతికిరి. అదే సంవత్సరము నవంబరులో బ్రిటిష్ సైన్యము వార్తాహరులకు శిరస్త్రాణమును నిర్బంధము చేసెను.

మన దేశమున 2022వ సంవత్సరమున రోడ్డు ప్రమాదములలో 1,68,000 మందికి పైగా మరణించిరి. వారిలో నూటికి 44 మంది ద్విచక్ర వాహనములపై పోవుచుండినవారే. 1988 నాటి మోటారు వాహనముల చట్టము 129వ విభాగము శిరస్త్రాణమును తప్పనిసరి చేసినది. అది నాణ్యతా ముద్ర గలదై యుండవలెను. గడ్డము క్రింద పట్టీ బిగించియుండవలెను. పట్టీ బిగింపని శిరస్త్రాణము మనిషి నేలను తాకకమునుపే తలను విడిచి దొర్లిపోవును. దానిని మోచేతికి తగిలించుకొని పోవు యువకులు మన వీధులలో ఇంకను కనబడుచునే యున్నారు.

కెయిర్న్స్ 1952లో మరణించెను. ఇంగ్లండున మోటారు సైకిలు ఎక్కు ప్రతివానికి శిరస్త్రాణమును విధించు శాసనము 1973లో, ఆయన చనిపోయిన ఇరువదియొక్క యేండ్లకు, వచ్చెను.